చేపకు నీళ్ళు పడలేదన్నారు

ఎనభైల్లో నర్సీపట్నంలో మా వీధికంతటికీ చేపల తొట్టి ఉన్న ఇల్లు మాదొక్కటే. మా మరిది విశాఖపట్నంలో కొని, గాజుతొట్టి ఒళ్ళో పెట్టుకుని, చేపల ప్లాస్టిక్ కవరు చేత్తో పట్టుకుని బస్సులో తెచ్చాడు. చేపలు నాలుగే, రెండు జంటలు. వేలెడంత కూడా లేవు. సిక్లిడ్ జాతిలో పొట్టి రకమని కొట్టువాడు చెప్పాడట. ఆడవాటికి పొట్ట మీద పండు నేరేడు రంగు మచ్చ ఉండేది. తెచ్చిన సంబరం అతనిది, చాకిరీ నాది. ఆ ఇంట్లో పెద్దకోడల్ని నేను. ఏ పనైనా చివరికి నా చేతికే వచ్చేది, నా చేతిలో పడితేనే సరిగ్గా అయ్యేది కూడా. ఈ మాట చెప్పడానికి నాకు అప్పుడూ మొహమాటం లేదు, ఇప్పుడూ లేదు.

ఆ ఏడాదే మరిదికి పెళ్ళయింది. తోడికోడలు కోటవురట్ల నుంచి వచ్చింది. బొద్దుగా, నవ్వుతూ వచ్చిన పిల్ల కొద్ది నెలల్లోనే జాకెట్లు వదులయ్యేంతగా చిక్కిపోయింది. డాక్టరు టానిక్కులు రాశాడు, పని చెయ్యలేదు. పుట్టింటికి పంపితే బుగ్గలు పూడి వచ్చేది. మా ఇంటికి తిరిగొచ్చిన కొన్నాళ్ళకు మళ్ళీ మామూలే. మా అత్తగారు సంగతి తేల్చేశారు.

"ఈ పిల్లకి మన నూతినీళ్ళు పడనేదు. కోటవురట్ల నీళ్ళు తెప్పిద్దుం."

నిజంగానే తెప్పించారు. కోటవురట్ల బస్సులో డబ్బాలతో నీళ్ళు వచ్చేవి. అవి తాగినా పిల్ల తేరుకోలేదు. "ఇంకొన్నాళ్ళు సూసి పుట్టింట్లోనే ఉంచేత్తే మంచిది" అని అత్తగారు మరిదితో అనడం నేను విన్నాను. ఎన్నాళ్ళు ఉంచాలని అతను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. పెరటి గుమ్మంలో నిలబడి ఆ పిల్ల కూడా విన్నది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త నయంగా ఉండేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే తొట్టిలో చిన్న ఆడచేప రంగు పోయి పాలిపోయింది. రెక్కలు ముడుచుకుని పైనెక్కడో మూలన వేలాడేది. మేత వేస్తే మిగతావి ఎగబడేవి, అది మాత్రం కదిలేది కాదు. మా ఆయన జబ్బన్నారు. దాన్ని గాజుసీసాలోకి మార్చి నీలం మందు చుక్కలు వేశారు. మర్నాటికి మచ్చకు రంగు తిరిగొచ్చింది, మేత తిన్నది. మందు మహిమ అని ఆయన మురిసిపోయారు. తీసి తొట్టిలో వదిలితే, నేను చెయ్యి కడుక్కుని వచ్చేలోగా మళ్ళీ పాలిపోయింది.

"దీనికీ మన నీళ్ళు పడనేదేటో" అని అత్తగారు కోటవురట్ల డబ్బాలోంచి ఓ చెంబుడు తొట్టిలో కుమ్మరించారు.

నాకు ఒళ్ళు మండింది. ఈసారి నేనే దాన్ని పట్టి సీసాలో వేశాను. మందు వెయ్యనివ్వలేదు. తొట్టిలోని నీళ్ళే పోశాను. అయినా రంగు వచ్చింది. అంటే గుణమిచ్చింది మందు కాదు, చెరుపు చేసింది నీళ్ళూ కాదు. మళ్ళీ తొట్టిలో వదిలి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. పెద్ద ఆడచేప తను ఇల్లుగా చేసుకున్న కుండపెంకు కిందనుంచి కాస్త బయటికొచ్చి ఇటు తిరిగింది. తరమలేదు, కరవలేదు, ఊరికే చూసింది. ఆ చూపుకే చిన్నది రెక్కలు ముడిచి మూలకు పోయింది. తొట్టిలో ఎక్కడున్నా దానికి పెద్దది కనిపిస్తూనే ఉంటుంది. పెద్దదాని కంటి ముందు తినే ధైర్యం దానికి లేదు. జబ్బంతా అదే.

దొడ్లోంచి బంగాళాపెంకు తెచ్చి తొట్టి మధ్యలో అడ్డంగా నిలబెట్టి రాళ్ళు ఊతమిచ్చాను. చిన్నదాని వైపు కూడా ఒక కుండపెంకు బోర్లించాను. కొన్నాళ్ళకల్లా అది తన మగచేపతో ఆ వైపంతా తిరుగుతూ నేరేడు మచ్చ తెచ్చుకుంది. ఇంట్లో అందరికీ చూపించాను, గొప్పగానే.

అలా గొప్పపోతున్న రోజుల్లోనే ఒక మధ్యాహ్నం వంటింట్లో వంకాయకూర కలుపుతున్నాను. తోడికోడలు కంచం పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. నేను ఏమీ అనలేదు, తలెత్తి చూశానంతే.

"తర్వాత తింతానక్కా" అని వెనక్కి వెళ్ళిపోయింది.

గరిటె నా చేతిలో ఆగిపోయింది. ఆ పిల్లను ఒక్కనాడు తిట్టి ఎరగను. ఎసట్లో బియ్యం దగ్గర్నుంచి కూరలో ఉప్పు దాకా నా చెయ్యే నడిచేది, అంతే. దానికే ఒక మనిషి అన్నం మానేస్తోందని అర్థమైంది. నా గొంతు తగ్గదు, నా చూపు మారదు. అది నాకు బాగా తెలుసు. కాబట్టి చెయ్యవలసిన పని ఒకటే. తిన్నగా అత్తగారి దగ్గరికి వెళ్ళాను.

"ఎనక వసారాలో ఇంకో పొయ్యి ఎట్టిద్దుమండి అత్తయ్యా. అది ఏరేగా వొండుకుంతాది."

"ఏటే, నానుండగానే ఇల్లు సీల్సేత్తావేటి? ఇద్దరు కోడళ్ళూ ఒక్క పొయ్యి మీద వొండుతారని నలుగురూ సెప్పుకుంతన్నారు!"

"సెప్పుకోడానికి ఆ పిల్ల ఉండాలి కదండి."

చేప సంగతి మొదటినుంచీ చెప్పాను.

"సేపల్ని సూసి కాపురాలు దిద్దుతావా?"

"అవునండి" అన్నాను.

పొయ్యి నేనే మట్టి మెత్తి వేశాను. నా వంటింట్లోంచి కనిపించకుండా వసారాకు తడిక కట్టించాను. పెద్దకోడలు ఇల్లు చీల్చిందని వీధిలో అన్నారు. అననిచ్చాను. కోటవురట్ల డబ్బాలు మానిపించాను. తడిక అవతల మొదట్లో గిన్నెల చప్పుడు కూడా భయంభయంగా వినిపించేది. తర్వాత కూనిరాగం మొదలైంది. పిల్ల ఒళ్ళు చేసింది. పుట్టింటికి పంపేద్దామన్న మాట ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఒకనాడు ఏదో పనిమీద తడిక దాటి వెళ్ళాను. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. నా చెయ్యి ఊరుకోదు కదా, గరిటె అందుకున్నాను. ఆ పిల్ల దాన్ని నా చేతిలోంచి లాగేసుకుంది. కళ్ళలో కళ్ళు పెట్టి చూసింది.

"అక్కా, నా పొయ్యికాడ మీరు సెయ్యెట్టకండి. ఎల్లండి, బేగెల్లండి."

నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చాను. ఏమైందని అత్తగారు కంగారుగా అడిగారు.

"నన్ను తరిమేసిందండి!" అని వీధంతా వినపడేట్టు చెప్పాను.