మడతలో దాగిన వేలు

నా చిన్నప్పుడు బొంబాయి దగ్గరి భివండీ శాంతి నగర్‌లో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వచ్చేది. మా తాత కార్ఖానాలో నేసిన బట్టను తానులుగా మడతపెట్టేవాడు. తెగిన దారం, నూనె మరక ఎక్కడున్నా లోపలి మడతలోకి పోయేలా చూడటమే ఆయన పనితనం. అది మోసమని ఎవరూ అనుకోలేదు, బజారు తీరే అంత.

మా తమ్ముడు పుట్టిన రోజు మా నానమ్మ కూడా అదే పని చేసింది. వాడి చెవి ముందు చిన్న కండ వేలాడుతోంది. ఎడమ బొటనవేలు సన్నగా, పట్టు లేకుండా ఉంది. చెవిని దాచడం కుదరదు కనుక చేతిని దాచింది, గుడ్డలో బిగించి చుట్టేసి. అంతటితో ఊరుకుంటే బాగుండేది. మా నానమ్మ నోరు కరెంటు పోయినా ఆగని సాంచా. నెల కిందట గ్రహణంనాడు అమ్మ నూలు కండెలు చుడుతూ దారం తెంపిందట, అందుకే బిడ్డ ఇలా పుట్టాడట. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నానికి తమ్ముడు పాలు కక్కడం మొదలుపెట్టాడు. నాన్న గల్లీ చివరి డాక్టరమ్మను ఇంటికి పిలుచుకొచ్చాడు. ఆమె బిడ్డ చెవి చూసి, ఇంకెక్కడైనా తేడా ఉందా అని అడిగింది. ఏమీ లేదంది నానమ్మ. అప్పుడు గడప దగ్గర కూర్చున్న తాత లేచాడు.

"బట్టనైతే లోపటికి మడుస్త. మనుమన్ని గూడ గట్లనే మడుస్తరా ఏందే?" అంటూ తానే గుడ్డ విప్పాడు.

వేలు చూడగానే డాక్టరమ్మ ముఖం మారింది. బిడ్డను బోర్లా తిప్పి వెన్ను తడిమింది, గుండె వింది, కిందికి చూసి ఆగిపోయింది. మలం పోయే దారే లేదు. ఒక్క చెవే అయితే తనూ ఊరుకునేదాన్నని, ఇలాంటివి రెండు మూడు కలిసి కనబడితే కంటికి కనబడనివాటినీ వెతకాలని చెప్పింది. గుండె, వెన్నెముక, మూత్రపిండాలు అన్నీ చూడాలని, ఆలస్యం చేస్తే బిడ్డ దక్కడని, వెంటనే బొంబాయి పెద్దాసుపత్రికి తీసుకెళ్లమంది.

"నేను దారం తెంపినందుకేనా?" అని అమ్మ లోగొంతుకతో అడిగింది. తెలుగు రాని డాక్టరమ్మకు నాన్న దాన్ని హిందీలో చెప్పాడు. డాక్టరమ్మ మంచం మీద కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకుంది. ఈ అవయవాలన్నీ కడుపులో మొదటి రెండు నెలల్లోనే రూపు కడతాయట, దాదాపు ఒకే సమయంలో తయారయ్యేవి కనుక ఒక్కోసారి కలిసే దెబ్బతింటాయట. గ్రహణం పట్టేనాటికి ఆ వేలు ఎప్పుడో ఏర్పడిపోయిందని చెప్పింది. అమ్మ అప్పుడు బావురుమంది. పొద్దుటి నుంచి బిగబట్టిన ఏడుపది. నానమ్మే అమ్మ కన్నీళ్లు తుడిచింది.

బొంబాయి ఆసుపత్రిలో తమ్ముడి గుండె బాగుందన్నారు. ఒక మూత్రపిండం చిన్నదైనా రెండోది చక్కగా పనిచేస్తోందన్నారు. ఆపరేషన్లు చేసి దారి కల్పించారు. వాణ్ని ఎత్తుకుని ఇల్లు చేరిన నాడు మేమంతా కడుపునిండా తిన్నాం, హాయిగా నిద్రపోయాం. ఇప్పుడు వాడు మాన్కోలి గోదాముల్లో సరుకు దింపిస్తూ, నెరిసిన మీసాలతో నన్నే దబాయిస్తుంటాడు.

మా వాడలో ఎవరింట్లో కాన్పయినా నేను వెళ్తాను. అందరూ ఉయ్యాల చుట్టూ మూగితే నేను తల్లి పక్కన కూర్చుని, "నీ తప్పేం లేదు బిడ్డా" అంటాను. ఏ లోపమూ లేని బిడ్డ పుట్టినా అంటాను.