షార్లట్‌లో సంబరం లేని గోల్

నా మేనకోడలు సుధ అమెరికాలోని క్యారీలో ఉంటున్న అపార్ట్‌మెంట్‌లో, సరిగ్గా పై వాటాలో, మైకోలా అనే ఉక్రెయిన్ ఫుట్‌బాల్ ఆటగాడు నివసిస్తున్నాడు. ముందువరుసలో నిలిచి గోల్ కొట్టడమే అతని వృత్తిధర్మం. ఖార్కివ్‌లో ఆట నేర్చాడు. యుద్ధం వల్ల అక్కడి మైదానం మూతపడ్డాక పోలండ్‌లో కొంతకాలం, షార్లట్‌లో మూడేళ్లు ఆడి, ఈ ఏడాదే క్యారీ క్లబ్బులో చేరాడు. వయసు ముప్పై దాటింది, మోకాలికి శస్త్రచికిత్స జరిగింది, ఈ సీజన్‌లో ఒక్క గోల్ కూడా లేదు. ఆఖరి మ్యాచ్ చూశాకే కాంట్రాక్ట్ సంగతి తేలుస్తామన్నారట. కాంట్రాక్ట్ లేనిదే వీసా లేదు. ఆ మ్యాచ్ షార్లట్‌లో, అతని పాత జట్టుతోనే అని తెలిసి మేమిద్దరమూ ప్రయాణమయ్యాము.

శనివారం మధ్యాహ్నం పులిహోర కట్టుకుని కారెక్కాము. ఐ-40 రహదారి మీద గ్రీన్స్‌బరో దాకా, అక్కడి నుంచి ఐ-85 మీద. రెండున్నర గంటల సుఖప్రయాణం. “హెచ్-వన్ వీసా టెన్షన్ మాకే అనుకున్నా మావయ్యా. పాపం, ఇతని రెన్యువల్ స్టేడియమంతా చూస్తుండగా జరగాలి,” అంది సుధ స్టీరింగ్ తిప్పుతూ.

టికెట్ ఇరవై డాలర్లు. తీరా కూర్చున్నాక తెలిసింది, మా సీట్లు షార్లట్ అభిమానుల నడుమ ఉన్నాయని. పక్కన ఆ జట్టు జెర్సీ వేసుకున్న పెద్దాయన మేము ఎవరి కోసం వచ్చామో కనుక్కుని నవ్వి, తన ఉడకబెట్టిన వేరుశనగకాయలు మాకూ పెట్టాడు. లోపలికి తేనివ్వని మా పులిహోర కారులోనే ఉండిపోయింది.

మొదటి సగంలో మైకోలాకు బంతి అందనే లేదు. రెండో సగం చివర కుడివైపు నుంచి ఎత్తుగా వచ్చిన బంతిని తలతో మళ్లించాడు. అది గోల్‌కీపర్ చేతి కిందుగా వలలో పడింది. మేమిద్దరమూ లేచి చప్పట్లు కొట్టాము. చుట్టూ నిశ్శబ్దం. మైకోలా మాత్రం పరుగెత్తలేదు. రెండు అరచేతులూ ఎత్తి, తల వంచి, మెల్లగా వెనక్కి నడిచాడు.

“గోల్ ఇవ్వలేదా మావయ్యా?” సుధ ముఖం వాడిపోయింది. నేను అదే మాట ఇంగ్లీషులో పక్కాయనను అడిగాను.

“ఇచ్చారమ్మా,” అన్నాడు పెద్దాయన. “మూడేళ్లు మా కోసం ఆడాడు. మా మీద గోల్ కొట్టి గంతులెయ్యడు. అది పద్ధతి.” ఆ మాటతో తానూ లేచి చప్పట్లు కొట్టాడు. ఆ వరుసంతా లేచింది.

గురువు మీద విల్లెత్తక తప్పనప్పుడు తొలి బాణాన్ని ఆయన పాదాల ముందు నాటి నమస్కరించే భారత వీరుని ఘట్టాన్ని నేను ఎన్నో సాహిత్య సభల్లో వివరించాను. అటువంటి మర్యాద కావ్యాల్లోనే మిగిలిందనుకునేవాడిని. అది గడ్డి మైదానంలో, నా కళ్లెదుటే కనిపించింది.

ఆట ముగిశాక కంచె దగ్గర మైకోలా మమ్మల్ని గుర్తుపట్టి వచ్చాడు. వచ్చే ఏడాదికీ ఉండమని మేనేజర్ అప్పుడే చెప్పాడట. అంత అవసరమైన గోల్ కొట్టి ఊరికే నిలబడడం ఎలా సాధ్యమైందని సుధ అడిగింది.

“ఇంటికెళ్లి గెంతుతాను,” అన్నాడు. “కింద వాటా మీదే కదా, చప్పుడైతే క్షమించండి.”

ఇటువంటి మ్యాచ్‌కు వెళ్లదలచినవారు టికెట్ కొనే ముందు అతిథి జట్టు అభిమానుల సీట్లు ఎటువైపో చూసుకోండి. మేము చూసుకోకపోవడం మా అదృష్టమనే అనుకుంటున్నాను. మర్నాడు ఆదివారం ఉదయం సుధ ఇంట్లో కాఫీ తాగుతుండగా పైకప్పు దబదబమని అదిరింది. సుధ తన కప్పును పైకెత్తి చూపింది. నేనూ ఎత్తాను.