బీడీలు చెడగొట్టిన సీరియల్

ఆ రోజుల్లో మా ఆర్మూరుకు గురువారం నిజామాబాదు బస్సులో వచ్చేది. వారపత్రికల కట్ట బస్టాండు పక్కన పుస్తకాల దుకాణం ముందు దిగితేనే మా గల్లీలో గురువారం మొదలైనట్టు. పసుపు బస్తాల బండ్ల వెనక బస్సు ఇరుక్కుపోయిందంటే, పొద్దు నడినెత్తికి వచ్చినా మాకు ఇంకా బుధవారమే. ఇప్పుడు నేను నవలలు రాసి, సొంతంగా అచ్చు వేయించి, సొంతంగా అమ్ముకుని, అమ్ముడుపోనివి మంచం కింద సొంతంగానే దాచుకుంటున్న రచయిత్రిని. ఫోనులో నాకొక పాఠకుల గుంపు కూడా ఉంది. "మేడం, ఈ వారం ఏం చదవమంటారు?" అని వాళ్లు అడగడం, నేను ఊపిరి బిగబట్టి చదివించే నవలల పేర్లు ఉత్సాహంగా చెప్పడం మాకు అలవాటు. మంచి నవలకు మీ కొలత ఏమిటని ఎవరైనా అడిగితే కథనం, పాత్రలు, వేగం అని పెద్ద పెద్ద మాటలు వాడతాను. అసలు కొలత బీడీ. ఈ సంగతి బయట చెబితే ఉన్న కాస్త పరువు పోతుందని ఇన్నాళ్లూ దాచాను గానీ, ఇంత దూరం చదివారంటే మీరూ నవలల పిచ్చివాళ్లే అయి ఉంటారు, మీ దగ్గర దాపరికం దేనికి?

ఇంటర్‌లో లెక్కలు తప్పి నేను ఇంట్లో కూర్చున్న ఏడాది అది. మా గల్లీలో ఇంట్లో కూర్చోవడం అంటే బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చోవడమే. మధ్యాహ్నం వంటలు ముగించి ఆడవాళ్లంతా మా పెద్దమ్మ వాకిట్లో చేరేవారు. నానబెట్టిన తునికాకును కత్తెరతో కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, కొస మడిచి, దారం కట్టడం చూడ్డానికి ఎంత సులువో! నేను చుట్టిన మొదటి బీడీని పెద్దమ్మ వెలుగులో తిప్పి తిప్పి చూసి, "గిది బీడీనా బిడ్డా, మిర్చి పొట్లమా?" అంది. వాకిలంతా నవ్వింది. (మా అమ్మ నవ్వలేదు. నా పెళ్లి సంబంధాలు గుర్తొచ్చి ఉంటాయి.) చివరికి పెద్దమ్మే ఒక ఒప్పందం కుదిర్చింది. నేను బీడీలు చుట్టనక్కర్లేదు, అందరికీ నవల చదివి వినిపించాలి. నా వంతు బీడీలు తలా కొన్ని చుట్టి పెడతారు. లోకంలో చదివినందుకు జీతం పుచ్చుకున్న రచయితలు ఎందరున్నారో నాకు తెలియదు గానీ నేను మాత్రం ఆ వాకిట్లో ఉద్యోగస్తురాలినే. కూర్చోడానికి పీట, గొంతు ఎండితే చాయ్, దగ్గొస్తే బెల్లం ముక్క.

కొన్నాళ్లకే నాకొక గొప్ప సత్యం తెలిసింది. నవలను బట్టి బీడీ మారుతుంది. ప్రేమ నవల చదివిన రోజు బీడీలన్నీ వదులు. హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకోగానే మా గల్ఫు చిన్నమ్మ (చిన్నాయన మస్కట్‌లో ఉండేవాడు, అందుకా పేరు) వేళ్లు ఆగి, తంబాకు జలజలా ఒళ్లోకి రాలేది. ఏడుపు నవలైతే ఆకు మీద కన్నీళ్లు పడేవి. ఆకు తడిగా ఉండటం మంచిదే గానీ ఉప్పునీటితో కాదు. అత్త కోడలిని రాచి రంపాన పెట్టే నవలలు మాత్రం అన్నిటికన్నా మేలు. అత్త నోరు తెరిచిందంటే చాలు, వాకిట్లో కోడళ్లందరికీ రోషం వచ్చి కట్టలు కట్టలు పడేవి, ఒక్కటీ వంక పెట్టేలా ఉండేది కాదు. అందుకని బీడీల కార్ఖానా వాళ్లు ఆకు ఎక్కువగా ఇచ్చిన రోజుల్లో నేను అద్దె పుస్తకాల్లోంచి గయ్యాళి అత్తలనే ఏరి తెచ్చేదాన్ని. ఈనాటి నా పుస్తక సిఫారసులకు పునాది అక్కడే పడింది.

అంతా సాఫీగా సాగుతుండగా గురువారం వచ్చే వారపత్రికలో ఒక హత్యల సీరియల్ మొదలైంది. ఒక పెద్ద బంగళా, అందులో ఒక ముసలి ధనవంతుడి శవం, ఇంట్లో వంటమనిషి, బావమరిది, డాక్టరు, అందరి మీదా అనుమానం. వాకిలి వాకిలంతా దానికి దాసోహం అయిపోయింది. గురువారం నేను చదువుతుంటే ఎవరూ దగ్గేవారు కూడా కాదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించిందని నేను గొంతు తగ్గించానో లేదో, ఇక్కడ వేళ్లు బీడీలను పిసికి పిసికి బిగించేవి. అగ్గిపుల్ల గీసి ఎంత పీల్చినా అందులోంచి పొగ రాదు. సరిగ్గా తలుపు తెరుచుకునే చోట 'వచ్చే వారం' అని ఉండేది. అప్పుడు అందరి చేతులూ ఒకేసారి ఆగిపోయేవి, తర్వాత చాలాసేపు బీడీల మాటే ఉండేది కాదు, హంతకుడి మాటే.

బీడీల కార్ఖానాలో సరుకు చూసి తీసుకునే ఆయన ఒకడుండేవాడు. బాగాలేని బీడీలను ఏరి అవతల పారేయడాన్ని అక్కడ ఛాట్ అంటారు కాబట్టి ఆయనకు మా వాళ్లు పెట్టిన పేరు ఛాట్ సారు. జేబులో రెండు పెన్నులు, ముక్కు కొసన కళ్లద్దాలు. కట్టను గుప్పిట్లో పట్టి ఒక్కసారి నొక్కితే చాలు, అందులో ఏది లావో ఏది సన్నమో చెప్పేస్తాడు. మా గల్లీ కట్టలు నొక్కి ఆయన ముఖం చిట్లించాడు.

"ఏందమ్మా గివి, బీడీలా మేకులా? గోడకు గొట్టుకోవచ్చు. మీ గల్లీ మాల్ గురువారం గురువారం గిట్లనే వస్తుంది. ఏమైతుంది మీకు గురువారం?"

మా పొడుగు వదిన ఎక్కడా తడబడే మనిషి కాదు. "గురువారం ఒక్కపొద్దు ఉంటం సారూ, చేతులు వణుకుతయ్" అంది.

"వణికితే వదులైతయ్ గని బిగుసుకపోతయా?" అన్నాడాయన. వదిన గబగబా ఆకు కట్ట చంకన పెట్టుకుని బయటికి నడిచింది.

తర్వాతి గురువారం ఆయన చెప్పాపెట్టకుండా సైకిల్ మీద మా గల్లీకే వచ్చేశాడు. మేమెవరం గమనించలేదు. నేను మంచి ఊపులో ఉన్నాను. "ఇన్‌స్పెక్టరు మెల్లగా గదిలోకి తొంగి చూశాడు" అని చదివాను. వెనక నుంచి ఒక మగ గొంతు విసుగ్గా, "ఇన్‌స్పెక్టరెట్ల చూస్తడు? పోయిన వారమే కాలిరిగి దవాఖానల పడె గదా!" అంది. పేజీ చూసుకుంటే నిజమే, అది ఇన్‌స్పెక్టరు తమ్ముడు. ఆత్రంలో నేనే తప్పు చదివాను. అందరం తల తిప్పి చూస్తే వాకిట్లో ఛాట్ సారు, చేతిలో సైకిల్ హ్యాండిల్.

"మీరు గూడ చదువుతరా సారూ?" అని పెద్దమ్మ ఎంతో గౌరవంగా అడిగింది.

"నేనెందుకు చదువుత? కార్ఖానా సేటు ఇంట్ల కోడలు చదివినంక శనివారం నా దిక్కు వస్తది, జర తిరగేస్త, గంతే" అని ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఆ తర్వాత తానెందుకు వచ్చాడో గుర్తొచ్చినట్టుంది, గొంతు పెంచాడు. "గిదన్నమాట మీ ఒక్కపొద్దు! ఇగో చెప్తున్న, ఇంకొక్క గురువారం మాల్ గిట్ల వచ్చిందో, మీ గల్లీకి ఆకు బంద్. తర్వాత నన్ను అనుకోవద్దు."

ఆకు బంద్ అంటే చేతిలో పని లేనట్టే. మస్కట్ నుంచి చాన్నాళ్లుగా కబురు లేక ఆ ఆకునే నమ్ముకున్న గల్ఫు చిన్నమ్మ ఒళ్లో రాలిన తంబాకును పలుకు పలుకు ఏరి చాటలో వేసుకుంది. చదివింది నేను, చెడింది వాళ్ల పని. పైగా వచ్చే గురువారం సీరియల్ ఆఖరి భాగం.

ఆ గురువారం మా అమ్మ పొద్దున్నే హుకుం జారీ చేసింది. "ఇయ్యాల పేపర్ ముట్టినవంటే చూడు!" సరే, పత్రిక పీట కింద పెట్టి దాని మీద నేను కూర్చున్నాను. కాసేపు అందరూ బుద్ధిగా చుట్టారు. కానీ అందరి చూపులూ పీట కిందికే. వంటమనిషే చంపాడని ఒకరు, కాదు బావమరిదని ఒకరు గుసగుసలు మొదలై, ఆకు ముక్కలైపోతోంది. ఇక లాభం లేదని అమ్మతో సహా అందరూ, సరే చదువు గానీ భయం పుట్టకుండా చదువు అన్నారు. రేడియోలో పసుపు ధరలు చెప్పేవాడిలా ఎత్తుపల్లాలు లేకుండా చదివాను. "అప్పుడు కత్తి తళుక్కుమంది" అన్న వాక్యాన్ని నేను ఎంత చప్పగా చదివానంటే, కత్తి ఎవరి చేతిలో ఉందో వినపడలేదని వదిన మూడుసార్లు మళ్లీ చదివించింది. అది ఇంకా ప్రమాదమైంది.

చివరికి పెద్దమ్మ చాట పక్కన పెట్టి తీర్పు చెప్పింది. "ముందుగల్ల ఆఖరి పేజీ చదువు బిడ్డా. ఎవరు చంపిండో తెల్సిపోతే పానం కుదుటవడ్తది, చేతులు సక్కగైతయ్." అందరికీ ఆ మాట నచ్చింది. చదివాను. హంతకుడు తేలిపోయాడు. (ఎవరన్నది మీకు చెప్పను. కొన్ని పాపాలు నేను చేయను.) ఆ తర్వాత ఆ వాకిట్లో జరిగింది నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. "గాయిన చంపుడేంది, మంచోడు గదా!" అని చిన్నమ్మ ఏడుపు. "చంపినా తప్పు లేదు, గా ముసలోడు ఎంత సతాయించిండు!" అని వదిన. ఎవరూ ఎవరి మాటా వినలేదు. సాయంత్రానికి తేలిన సరుకులో సగం మేకులు, సగం మిర్చి పొట్లాలు.

కార్ఖానాకు నేనూ వాళ్ల వెంట వెళ్లాను, శిక్షేదో నాకూ పడితే మనసు తేలికవుతుందని. ఛాట్ సారు పెద్దమ్మ కట్ట నొక్కాడు. విప్పాడు. ఒక్కొక్కటే అవతలికి విసరడం మొదలుపెట్టాడు. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"అయిపాయె. రేపటి సంది మీ గల్లీకి ఆకు..."

"సారూ," అంది పెద్దమ్మ మెత్తగా, "పేపర్ మీకు శనివారం వస్తది గదా?"

"వస్తది. అయితేంది?"

"ఏం లేదు. ఇయ్యాల ఆఖరి భాగం వచ్చింది. చంపిందెవరో తెల్సింది. అడుగుతరేమోనని..."

ఆయన చేతిలో బీడీ అలాగే ఆగిపోయింది. "నేనేం అడుగుత?"

"అడగకున్నా చెప్పాలె గదా, మనం మనం ఒకటి. చంపింది ఎవరనుకున్నరు..."

"అక్కా!" అని ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు. కట్ట కిందపడి బీడీలన్నీ దొర్లాయి. వెనక వరుసలోంచి వదిన మెడ సాచి, "నేను చెప్తనుండు సారూ" అని ముందుకొచ్చింది. దాంతో ఆయన పని అయిపోయింది. చెవుల మీద చేతులు తీయకుండానే, "ఆకు దీస్కపోండ్రి! గీ ఛాట్ ఇప్పి మళ్ల చుట్టుకరాండ్రి! శనివారం దాంక గీ గల్లీలోల్లు ఒక్కరు గూడ నా ముందర నోరు తెరవొద్దు!" అని అరిచాడు. ఆకు కట్టలు ఎత్తుకుని మేం దాదాపు పరుగెత్తాం. దారి పొడుగునా నవ్వు ఆగలేదు. చిన్నమ్మ నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకోవడం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

ఆదివారం ఆయన మళ్లీ సైకిలేసుకుని వచ్చాడు. "గంత మంచోడు ఎట్ల చంపుతడు పిల్లా? రాసినోనికి జర సోయి ఉండాలె" అని చాయ్ రెండుసార్లు చల్లారేదాకా వాదించి, పోతూ పోతూ చిన్న గొంతుతో, "ఇంకేదన్న మంచి నవలుంటే చెప్పు" అన్నాడు. నా సిఫారసును కోరి వచ్చిన మొట్టమొదటి బయటి పాఠకుడు! ఆనందం పట్టలేక నా దగ్గరున్న వాటిలోకెల్లా భయంకరమైన అత్త ఉన్న నవల ఇచ్చి పంపాను. మర్నాడు ఆ అత్త మీద కోపమంతా బీడీల మీద చూపించి, బాగున్న కట్టల్లోంచి కూడా ఏరి ఏరి పారేశాడట. తర్వాత ఆయనకు ప్రేమ నవలలు తప్ప ఇవ్వలేదు. అవి చదివే వారాల్లో తంబాకు రాలుతున్నా, "పోనీ తియ్యమ్మా" అనేవాడు.

తొంభైలు ముగిసే వేళకు నా మొదటి నవల అచ్చయింది. హత్య, బంగళా, అనుమానాలు, ఆఖరున దిమ్మతిరిగే మలుపు, అన్నీ ఉన్నాయి. మొదటి ప్రతి తీసుకుని తిన్నగా పెద్దమ్మ వాకిట్లోకే వెళ్లాను. చూపు తగ్గినా ఆమె ఇంకా బీడీలు చుడుతూనే ఉంది. పాత పీట మీద కూర్చుని, గొంతు తగ్గించాల్సిన చోట తగ్గించి, పెంచాల్సిన చోట పెంచి చదివాను. చదువుతున్నంతసేపూ నా చూపు పుస్తకం మీద కంటే ఆమె వేళ్ల మీదే ఎక్కువ. ఆఖరి మలుపు దగ్గరైనా ఒక్క బీడీ మేకులా బిగుసుకుంటుందేమోనని ఊపిరి బిగబట్టి చూశాను.

చదవడం అయ్యాక పెద్దమ్మ బోసినోటితో నవ్వి, నా తల నిమిరింది. "మస్తు రాసినవ్ బిడ్డా. మొదటి సంది ఆఖరి దాంక నా చెయ్యి ఒక్కపారి గూడ ఆగలే. సూడు, గిండ్ల ఒక్కటన్న ఛాట్ పోతదేమో!" అని అప్పుడే కట్టిన కట్ట నా చేతిలో పెట్టింది. ఛాట్ సారులా గుప్పిట్లో పట్టి నొక్కాను. ఒక్కటీ లావు లేదు, ఒక్కటీ సన్నం లేదు.

ఆమె సంతోషం చూసి నేనూ నవ్వాను. ఆ తర్వాత చాలా నవలలు రాశాను, ఆమె ఉన్నన్నాళ్లూ ప్రతిదీ ఆమెకే ముందు వినిపించాను. రాత్రంతా నిద్ర పట్టలేదని పాఠకులు ఫోన్లు చేసిన నవలలు కూడా అందులో ఉన్నాయి. పెద్దమ్మ చేత మాత్రం ఒక్క బీడీ కూడా చెడగొట్టించలేకపోయాను.