కోడ్ల కోడలి పగ

ఆమె ఒక పెద్దాసుపత్రి బిల్లుల విభాగంలో పనిచేసేది. డాక్టర్లు రాసిన కాగితాలు చదివి, ప్రతి జబ్బుకూ బీమావాళ్ళు ఒప్పుకునే కోడ్ వేయడం ఆమె పని. పెళ్ళయిన కొత్తలో అత్తగారు ఆ ఉద్యోగమేమిటో మూడుసార్లు చెప్పించుకుని, "అయితే నువ్వు కోడ్ల కోడలివన్నమాట!" అని పడీపడీ నవ్వింది. ఇంట్లో ఆ పేరే ఉండిపోయింది.

అత్తగారు దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, గోడకు వేలాడే సగం కుట్టిన గౌన్లు, మెడలో ఎప్పుడూ టేపు. మనిషి భారీగా ఉండేది. "నాకు గౌను కుట్టాలంటే బట్టల తాను మొత్తం విప్పాలి" అని తన మీద తనే హాస్యమాడుకునేది.

అలాంటి మనిషికి కడుపునొప్పి పట్టుకుంది. కోడలు తన ఆసుపత్రిలోనే పొట్ట డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఎనిమిది నెలల్లో ఆరుసార్లు వెళ్ళారు. ఆరుసార్లూ ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"బరువు తగ్గండి పెద్దమ్మా. మీకు అదే మందు."

నాలుగోసారి ఆవిడ, "బట్టలన్నీ వదులైపోతున్నాయి బాబూ" అంది.

"చూశారా, నా మాట పనిచేస్తోంది!" అన్నాడాయన సంతోషంగా.

ఆరోసారి వెళ్ళొచ్చిన వారానికి ఆవిడ మిషను మీదే వాలిపోయింది. ఈసారి చూసిన సర్జనమ్మ పొట్ట మీద చెయ్యి వేయగానే గడ్డ తగిలింది. పెద్దపేగులో పుట్టి, కాలేయం దాకా పాకింది. తీయగలిగినంత తీశారు.

"ఆరు నెలల ముందు వచ్చి ఉంటే బాగుండేది" అంది సర్జనమ్మ.

"ఆరు నెలల ముందు నుంచీ వస్తూనే ఉన్నామండీ" అంది కోడలు.

సొంతవాళ్ళ ఫైలు తెరిస్తే ఉద్యోగం పోతుంది. అది ఆమెకు తెలుసు. అందుకే అత్తగారి చేత అర్జీ పెట్టించి, కాపీలు తెప్పించింది. ఆరు కాగితాల మీదా ఒకే బరువు, తొంభై కిలోలు. ఎత్తుతో లెక్కగడితే వచ్చే బీఎంఐ అంకె కూడా ఆరుసార్లూ ముప్ఫై ఆరే. ఆపరేషను రోజున తూచినప్పుడు మాత్రం డెబ్బై ఒక్క కిలోలు.

అత్తగారు కొలతల పుస్తకం తెరిచి ఇచ్చింది. అందులో ఆవిడ తన నడుము కొలతలే తేదీలతో రాసుకుంది. నలభై నాలుగు, నలభై ఒకటి, ముప్ఫై ఎనిమిది.

"గౌను జారిపోతున్నప్పుడల్లా కొలుచుకుని కుట్టు బిగించుకున్నానమ్మా. నేను కరిగిపోతుంటే ఆయన కాగితంలో మాత్రం బొద్దుగానే ఉన్నాను."

ఆ రోజే కోడలు నిర్ణయించుకుంది. ఆయన్ని వదలకూడదు. అరిచి, ఏడ్చి, గుమస్తా చేతిలో ఫిర్యాదు పెట్టి ఊరుకోకూడదు. తనకు చేతనైన పనితోనే పట్టుకోవాలి.

ఆ పనిలో ఒక నియమం ఉంది. బీఎంఐ అంకెను నర్సయినా రాయొచ్చు, కానీ ఆ అంకె ఒక్కదానికే కోడ్ వేయకూడదు. దానికి సంబంధించిన జబ్బేమిటో డాక్టరు తన మాటల్లో రాయాలి. రాయకపోతే కోడ్ వేసే మనిషి ప్రశ్న పంపవచ్చు. జవాబు వచ్చేదాకా బిల్లు కదలదు. రద్దీ రోజుల్లో ఎవరూ పట్టించుకోని ఈ నియమాన్ని ఆమె పట్టుకుంది. పొట్ట డాక్టరు కాగితం తన వంతుకు వస్తే చాలు, ప్రశ్న వెళ్ళేది. "ఈ బరువు ఏ రోజు తూచినది? దీనికి సంబంధించిన జబ్బేమిటి? దయచేసి రాయగలరు." మర్యాదగా, ఒక్క ముక్క ఎక్కువ లేకుండా.

మూడు వారాలకు ఆయనే ఫోన్ చేశాడు.

"ఏమ్మా, నీకు వేరే పనేం లేదా? నా పేషెంట్ల బరువుతో నీకేంటి?"

"ఇదే నా పనండీ. జవాబు రాయండి, చాలు."

ఫోన్ పెట్టేసి ఆమె తిన్నగా ఆయన గది బయట నర్సు దగ్గరికి వెళ్ళింది. బరువు తూచే యంత్రం ఎక్కడుందని అడిగింది. నర్సు మూలకు చూపించింది. దాని మీద నడుమెత్తు ఫైళ్ళు పేర్చి ఉన్నాయి.

"అది పాడై పదినెలలైంది. మూడుసార్లు రాసిచ్చాను. పాత బరువే వేసెయ్యమన్నారు సారు."

ఆ తర్వాత వెతకడం తేలికైంది. తన వంతుకు వచ్చిన కాగితాల్లోనే నలభై మంది దొరికారు. నెలలు గడిచినా వాళ్ళలో ఒక్కరికీ గ్రాము తగ్గలేదు, పెరగలేదు. వాళ్ళలో ఒకాయనకు మధ్యలో మోకాలి కింద కాలు తీసేశారు. ఆయన బరువూ మారలేదు. ఆ కాగితం చూసి ఆమె గట్టిగా నవ్వింది. పక్క సీటువాళ్ళు తిరిగి చూశారు.

సెక్షన్ హెడ్డు ఆ కాగితాల కట్ట చూసి తల పట్టుకున్నాడు. "నీ సొంత కోపం ఆఫీసులోకి తెచ్చావమ్మా."

"తెచ్చాను సార్. ఇందులో ఒక్కటి తప్పని చూపించండి, వెనక్కి తీసుకెళ్తాను."

ఆయన చూపించలేకపోయాడు. అత్తగారి ఫిర్యాదుతో కలిపి కట్ట పైకి వెళ్ళింది.

విచారణకు ముగ్గురు పెద్ద డాక్టర్లు కూర్చున్నారు. పొట్ట డాక్టరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. "అంకెలు రాతలో పొరపాటు. పేషెంటును మాత్రం శ్రద్ధగా చూశాను" అన్నాడు.

చక్రాల కుర్చీలో వచ్చిన అత్తగారిని ఏమైనా చెబుతారా అని అడిగారు.

"బాబూ, నువ్వు తలుపు తీసుకుని లోపలికొచ్చి కూర్చునే లోపు నిన్ను చూశాను. నడుము ముప్ఫై ఎనిమిది. కుడి భుజం అరంగుళం కిందికి. నీ చొక్కా కుట్టినవాడు అది గమనించలేదు, అందుకే కాలరు లాగుతోంది. నేను ఆరుసార్లు నీ ఎదురుగా కూర్చున్నాను. నువ్వేం చూశావు?"

ఆయన చెయ్యి తెలియకుండానే కాలరు దగ్గరికి వెళ్ళింది.

ఏడాదిపాటు రోగుల్ని చూడకూడదన్నారు. ఆ నలభై మందినీ పిలిపించి మళ్ళీ పరీక్షించారు. ఇద్దరికి జబ్బు సమయానికి దొరికింది. అందరూ మంచి పని చేశావని మెచ్చుకున్నారు. ఆమె మంచి కోసం చేయలేదు. ఆ సంగతి దాచుకోనూ లేదు.

నెల తర్వాత పొట్ట డాక్టరు ఇంటికొచ్చి, ముందుగదిలో నిలబడి క్షమాపణ అడిగాడు. అత్తగారు సూదిలో దారం ఎక్కించుకుంటూనే అంది. "క్షమించానని చెబితే నీ గుండె తేలికవుతుంది. నాకేమవుతుంది? వెళ్ళు నాయనా."

ఆవిడ ఇంకా పదకొండు నెలలు బతికింది. కొడుకు బట్టలన్నిటికీ బొత్తాలు బిగించి మరీ వెళ్ళింది.

గడువు తీరి పొట్ట డాక్టరు మళ్ళీ పనిలో చేరిన రోజు, కోడలు సెక్షన్ హెడ్డు బల్ల ముందు నిలబడింది.

"ఆయన కాగితాలు ఇక నుంచి అన్నీ నాకే ఇవ్వండి సార్."

"ఇంకా ఎన్నాళ్ళమ్మా?"

"ఆయన రిటైరయ్యేదాకా."

ఇప్పుడాయన ప్రతి రోగినీ ఆ రోజే తూయిస్తాడు. పొట్ట మీద చెయ్యి వేసి, ఏం తగిలిందో, ఏం తగల్లేదో వివరంగా రాస్తాడు. ఆమె ఒక్కో కాగితాన్నీ రెండేసి సార్లు చదువుతుంది. తప్పు దొరకని రోజున కోడ్ వేసి పంపించేస్తుంది. ఆ రోజు ఇంటికి వెళ్ళాక ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడదు.