మొదటి ముక్క

నేను అనంతపురంలో పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. నున్నటి ప్లాస్టిక్ మీద కణాలు నిలవవు, జారిపోతాయి. అందుకని పలచటి ప్లాస్టిక్ పొరను గరుకు చేసి, దాని మీద చర్మకణాలను పెంచడం నా పని. మా ల్యాబ్ ఊడ్చే ఓబులక్కకు అదొక వింత.

"ఏమ్మా, ప్లాస్టిక్ మీద తోలు మొలుస్తాందా?" అని రోజూ అడిగేది.

ఒకసారి ఇంట్లో ఉడుకుతున్న సంగటి పడి ఆమె కుడిచెయ్యి కాలింది. కట్టుతోనే పనికొచ్చి మళ్లీ అదే అడిగింది. ఆరోజు నా కణాలన్నీ చచ్చిపోయి చిరాకుగా ఉన్నాను.

"మొలుస్తాదిలే అక్కా, మొదటి ముక్క నీకే" అన్నాను. ల్యాబ్‌లో అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

మూడు నెలల్లో కాలిన చర్మం బిగుసుకుపోయి ఆమె వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. చీపురు పట్టలేకపోతోందని పనిలోంచి తీసేశారు. పోయేముందు నా దగ్గరికి వచ్చింది. ఆసుపత్రికి ఎందుకు పోలేదని కసిరాను.

"పోయినానమ్మా. ప్లాస్టిక్ సర్జరీ చేస్తామన్నారు. ఆ ప్లాస్టిక్కు మా మేడం కాడనే ఉండాది, మొదటి ముక్క నాకే ఇస్తానన్యాది అని చెప్పి వచ్చేసినా" అంటూ చెయ్యి చాపింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నా పొరను ఇంకా ఎలుక మీద కూడా వేసి చూడలేదని ఆమెతో చెప్పలేకపోయాను.

తర్వాత నాకు డాక్టరేట్ వచ్చింది. థీసిస్ మొదటి పేజీలో అందరికీ కృతజ్ఞతలు రాశాను. ఓబులక్క పేరు రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు.