ఉధ్నాలో నెలన్నర అద్దె గది

మా ఊరి నుంచి సూరత్‌కు కూతురి కాన్పుకు వెళ్ళే ఆడవాళ్ళు ఏటా ఒకరిద్దరుంటారు. కొన్నాళ్ళకు గది ఎలా దొరుకుతుందని నన్ను అడుగుతారు. రైలు సంగతి, అద్దె సంగతి చెప్పి ఊరుకుంటాను. అసలు సంగతి ఇన్నేళ్ళుగా నోట్లోనే ఉండిపోయింది. సోమవారం సోమవారం రాజన్న దేవుడి పటం ముందు చెప్పుకుంటాను గానీ, ఆయనకు తెలియనిదా? ఈసారి మా అక్క కూతురు వెళుతోంది. "పిన్నీ, నీకు జరిగింది జరిగినట్టు రాసియ్యి, నాకు అక్కరకొస్తది" అంది. అందుకే పదో తరగతితో ఆపేసిన చదువుతో కలం పట్టాను.

అది కరోనా రెండోసారి విజృంభించిన వేసవి. మా అల్లుడు సూరత్‌లోని ఉధ్నాలో మరమగ్గాల మీద పని చేస్తాడు. కూతురు సుజాతకు తొమ్మిదో నెల. ఇంటికి తెచ్చుకుందామంటే, ఈ స్థితిలో రైలు వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అంతలో అల్లుడికి జ్వరం పట్టింది. కరోనా అని తేలి ఆసుపత్రిలో చేర్చుకున్నారు. నేను మరునాటికి టికెట్ తీయించుకున్నాను. అప్పుడు రిజర్వేషన్ లేకుండా ఎక్కనిచ్చేవారు కాదు. రామగుండంలో రాత్రి ఎక్కితే మరునాడు సాయంత్రానికి సూరత్. దారంతా మాస్కు తీయలేదు, మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. పక్క బెర్తు ఆయన దగ్గినప్పుడల్లా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని శివనామం అనుకున్నాను. స్టేషన్ నుంచి ఉధ్నాకు ఆటోకు మామూలుగా అరవై, డెబ్బై రూపాయలట. ఆ రోజు నూట ఇరవై ఇచ్చాను.

సుజాత ఉండేది వరుసగా ఎనిమిది గదులున్న చాల్‌లో. ఎనిమిది ఇళ్ళకూ ఒకటే నల్లా, ఒకటే మరుగుదొడ్డి. నేను వెళ్ళేసరికి వాళ్ళ తలుపు ముందు ఎవరో సున్నంతో గీత గీశారు. బిడ్డ గడపకు లోపల గోడకానుకుని కూర్చుని ఉంది.

"అమ్మా, రేపు పొద్దూకేలోపు ఖాళీ చెయ్యాలన్నడు ఓనరు. నల్లా కాడికి రానిస్తలేరు. పొద్దుగాల్ల సంది నీళ్ళు లేవు" అంది.

"నేనొచ్చిన గద బిడ్డా" అన్నాను. వచ్చి ఏం చేయగలనో నాకే తెలియదు.

మరునాడు ఎనిమిదింటికి కార్పొరేషన్ వాళ్ళ గుడారంలో ఇద్దరం ముక్కులో పుల్ల పెట్టించుకున్నాం. రిపోర్టు రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. సుజాతను గదిలో ఉంచి, ఎదురు వీధి ఆటో ఆయన్ని మాట్లాడుకున్నాను. పేరు శ్రీనివాస్, నలభై ఏళ్ళవాడు. తండ్రి కాలంలోనే సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ పెరిగాడు. సాయంత్రం దాకా తిప్పినందుకు ఐదు వందలు. రాత్రి ఎనిమిదికి కర్ఫ్యూ. ఆలోగా గది దొరక్కపోతే నిండు గర్భిణిని పెట్టుకుని రోడ్డు మీదే.

సొసైటీలనే ఇళ్ళ సముదాయాల గేట్లన్నిటికీ వెదురు బొంగులు కట్టారు. బయటివాళ్ళు రావద్దని బోర్డులు. "దేవుడొచ్చినా ఆధార్ కార్డు అడుగుతున్నరక్కా" అన్నాడు శ్రీనివాస్. నాకు నవ్వు రాలేదు. 'భాడే' అని రాసి ఉంటే అద్దెకిస్తారని అర్థమట. ఆ అక్షరాలు గుర్తుపట్టడం అతనే నేర్పాడు.

పదకొండు ప్రాంతంలో మొదటి ఇల్లు. ఇంటావిడ తలుపు బెత్తెడు తెరిచి, ఇక్కడ మీకెవరున్నారని హిందీలో అడిగింది. మేం దిక్కులేనివాళ్ళం కామని నమ్మించాలనుకున్నాను. మా మనుషులు ఇక్కడ బోలెడంతమంది ఉన్నారని చెప్పబోయి, నాకొచ్చిన హిందీలో "మా మంది హై ఇధర్, బహుత్ హై" అన్నాను.

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "మా మాందీ? బహుత్?" అని, చేతిలో ఉన్న శానిటైజర్ సీసాతో నా చెప్పుల మీద, మెట్ల మీద చిమ్మి ధడేల్న తలుపేసింది.

ఆటో దగ్గరికొస్తే శ్రీనివాస్ స్టీరింగు మీద తలపెట్టి నవ్వుతున్నాడు. "ఏంది తమ్మీ, నేనేమన్న?"

"మంది అంటే మనకు జనం అక్కా. వీళ్ళ గుజరాతీల మాందీ అంటే రోగమొచ్చిన ఆడమనిషి. మా అంటే అమ్మ. మా అమ్మకు రోగం, శానా రోగం అని చెప్పొచ్చినవ్. తలుపెయ్యకుంటే ఏం జేస్తది?"

"మగోళ్ళకైతే?"

"మాందో. ఎవలకైనా అంటే మాందూ. ఇగ నువ్వు మంది అనకు, మనోళ్ళు అను."

మధ్యాహ్నం రెండు దాకా ఇంకో మూడు ఇళ్ళు తిరిగాం. ఒకచోట రిపోర్టు తెమ్మన్నారు. ఒకచోట పురుడు మా ఇంట్లో వద్దన్నారు. ఇంకోచోట కిటికీలోంచే చెయ్యి ఊపేశారు. సుజాత రెండుసార్లు ఫోన్ చేసింది. రెండోసారి, "అమ్మా, నడుము గుంజుతున్నది" అంది. నీళ్ళు తాగి పడుకోమన్నాను. తాగడానికి నీళ్ళెక్కడున్నాయని అది అడగలేదు. నాకే తర్వాత గుర్తొచ్చింది.

మూడున్నరకు ఐదో ఇల్లు. పైన ఒక గది, బయటి నుంచే ఇనుప మెట్లు, వేరే నల్లా. అద్దె నాలుగున్నర వేలు. నెలన్నరకైనా ఇస్తామన్నారు. ఇంటావిడది నా ఈడే. నుదుట బొట్టు, చేతిలో జపమాల సంచి. వెనక వసారాలో ఊయల బల్ల మీద ఆవిడ తల్లి కూర్చుని ఉంది. ఎనభై ఏళ్ళుంటాయి, పిట్టలా ఉంది. కూతురికి నెలలు నిండాయన్నాను. పురుడైతే ఇల్లు చల్లగా ఉంటుందంది ఆవిడ. అల్లుడేడని అడిగితే రెండు వారాలకు వస్తాడన్నాను. చివరగా ఆవిడ మాస్కు సరిచేసుకుని గుజరాతీలో అడిగింది.

"ఘర్‌మా కోయీ మాందూ ఛే?"

ఇంట్లో ఎవరికైనా రోగముందా అని. పొద్దున అడిగి ఉంటే నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అర్థమైంది. శ్రీనివాస్ నా పక్కనే ఉన్నాడు. ఊయల బల్ల కిర్రుమంటోంది. నేను ఆ ముసలమ్మను చూశాను, నీళ్ళు లేని గదిలో నా బిడ్డను తలచుకున్నాను.

"మంది కోయీ నహీ" అన్నాను. "మై ఔర్ మేరీ బేటీ, బస్."

నా భాషలో అది నిజమే. మాకు మంది ఎవరూ లేరు, ఇద్దరమే. ఆవిడ తన భాషలో విని తాళంచెవి చేతిలో పెట్టింది.

ఆటో ఎక్కి సుజాత గదికి బయలుదేరాం. మలుపు దగ్గర శ్రీనివాస్ అద్దంలో చూస్తూ అన్నాడు. "అక్కా, ఆ మాట ఇప్పుడు నీకు ఎరుకే గద."

"ఎరుకే తమ్మీ."

ఆరింటికి సుజాతను దింపి సామాను చేరవేశాడు. గ్యాస్ సిలిండర్ భుజాన పెట్టుకుని మెట్లెక్కాడు. దానికి వేరే డబ్బులు తీసుకోలేదు.

ఆ నాలుగు రోజులు మేం మెట్లు దిగలేదు. కింద ఎవరు దగ్గినా నేను పొయ్యి ఆపి వినేదాన్ని. వసారాలో ఊయల చప్పుడు ఆగితే భయం, మొదలైతే కొంత ఊపిరి. దీపం పెడితే చేతులు జోడించలేకపోయేదాన్ని. మూడో రోజు మధ్యాహ్నం ఇంటావిడ మెట్ల కింద నిలబడి ఎవరితోనో ఫోన్‌లో అంటోంది. "మా మాందీ ఛే. తావ్ ఛే." తావ్ అంటే జ్వరమని సుజాత చెప్పింది. నా చేతిలోని గిన్నె జారి గదంతా గంజి. "ఏమైందమ్మా?" అంటే చెయ్యి జారిందన్నాను. నా వల్లే ఆ ముసలమ్మ పోతుందనుకున్నాను. పైకి వచ్చేటప్పుడు మెట్ల కమ్మీని నేను పట్టుకున్నానే అని, తాళంచెవి తీసుకునేటప్పుడు ఆవిడ వేళ్ళు నా వేళ్ళకు తగిలాయే అని, ఒక్కొక్కటీ తలచుకుంటూ సాయంత్రం దాకా నేల తుడుస్తూనే ఉన్నాను.

దీపాల వేళ తెగించి మెట్ల మీద నుంచే అడిగాను, అమ్మకెలా ఉందని. ఆవిడ నవ్వి భుజం చూపించింది. నిన్న టీకా వేయించారట. దాని జ్వరమట. మరునాడు మా రిపోర్టులూ వచ్చాయి, ఇద్దరికీ ఏమీ లేదని. అప్పుడు కూర్చుని ఏడ్చాను.

ఆడపిల్ల పుట్టింది. అల్లుడు క్షేమంగా వచ్చాడు. గది ఖాళీ చేసిన రోజు ఇంటావిడ నేతితో చేసిన బాలింత మిఠాయి డబ్బా సుజాతకిచ్చి, నా రెండు చేతులూ పట్టుకుంది. "తమే సాచా మాణస్ ఛో" అంది. మీరు నిజాయితీ గలవాళ్ళని. కాదని చెప్పడానికి నాకు అక్కడ బోలెడంత సమయం ఉంది. ఆటో ఇంకా రాలేదు. చెప్పలేదు. రిపోర్టులో ఏముందో తెలియకుండా ఎనభై ఏళ్ళ తల్లి ఉన్న ఇంట్లో అడుగుపెట్టాను. ఏమీ కాలేదు గనక ఇది ఇవాళ కథలా చెబుతున్నాను. అయి ఉంటే ఏ దేవుడి ముందు నిలబడేదాన్నో తెలియదు. ఆ వేళ బిడ్డను రోడ్డు మీద ఉంచాల్సిందా అంటే, అదీ చెప్పలేను.

వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒకటే. కాన్పుకు నెల ముందే బయలుదేరి, బయటి మెట్లు, వేరే నల్లా ఉన్న పై గది చూసుకోండి. ఉన్నది ఉన్నట్టు చెప్పినా ఒప్పుకునే ఇల్లు వెతకడానికి చేతిలో రోజులుండాలి. నాకు ఒక్క పూటే ఉండింది.

ఈ కాగితాలు చదివాక నీ బట్టల పెట్టెలో అడుగున దాచుకో బిడ్డా. ఎవరికీ చూపకు. ఆవిడ ఇప్పటికీ పండగలకు సుజాతకు ఫోన్ చేస్తుంది, నన్ను అడుగుతుంది.