పిలిస్తేనే వచ్చే దయ్యం

ఆ రోజుల్లో నన్ను చూసి ఒక వీధి వీధంతా భయపడిందంటే మా ఆయన ఇప్పటికీ నమ్మడు. (ఆయన భయపడిన పాపాన పోలేదు మరి.) రక్తపరీక్షల ఉద్యోగంలో కొత్తగా చేరాను. యర్రగొండపాలెం చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణులకు వేలు గుచ్చి రక్తం ఎంతుందో చూడాలి. ఆటో దిగి రెండు మైళ్లు నడిచి వెళ్తే ఆ వీధిలో ఒక్కరూ లోపలికి రమ్మనలేదు. మంచినీళ్లు అడిగితే చెంబు గడప బయట పెట్టి వెనక్కి జరిగారు.

చివరి ఇంట్లో ఏడోనెల కోడలుంది. పాలిపోయిన మొహం, నాలుగడుగులకే ఆయాసం. ఆ పిల్లకు పరీక్ష చేయకుండా తిరిగి రావడానికి మనసొప్పలేదు. ఆమె తలుపు చాటునుంచి వాళ్ల అత్తకు గట్టిగానే చెప్తోంది: "పిలవొద్దత్తా! ఫోన్లో సినిమా చూసినా గదా, రక్తం తాగే దయ్యాలు మనం పిలిస్తేనే ఇంట్లోకొస్తాయి!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన దయ్యాలకు ఇలాంటి మర్యాదలెక్కడివి? చింతచెట్టు దిగి నేరుగా వచ్చి పట్టుకుంటాయి, కోడిని అడుగుతాయి, వేపమండలతో నాలుగు తగిలిస్తే పోతాయి. ఆ సినిమా దయ్యం నల్లకోటు వేసుకుని ఇటొస్తే మార్కాపురం బస్టాండు దాటేలోపే వడదెబ్బకు పడిపోయేది. పైగా తళతళలాడే తెల్లటి పళ్లు! మా ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవాళ్లకు అలాంటి పళ్లుంటాయా? (నా పళ్లు చూసైనా నమ్మాల్సింది.)

అరగంట నిలబడి నిలబడి, సంచి కింద పెట్టి గోడకు ఆనుకున్నాను. అత్త నన్నే చూస్తోంది. ఇంటికొచ్చిన మనిషిని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టడం పుట్టి బుద్ధెరిగి ఆమె ఎరగదు. "ఎంతసేపని నిలబడతావు తల్లీ, లోపలికొచ్చి ఇంత మజ్జిగ తాగు," అనేసింది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, పిలిచినానే!" లోపల కోడలు కెవ్వుమంది.

నేను గ్లాసుడు మజ్జిగ గటగటా తాగడం చూశాక ఆ పిల్లకు కాస్త ధైర్యం వచ్చింది. కళ్లు మూసుకుని వేలు చాపింది. పదకొండు ఉండాల్సిన రక్తం ఆరు కూడా లేదు. మర్నాడే మార్కాపురం ఆసుపత్రికి తీసుకొస్తే రక్తం ఎక్కించాలన్నారు. గ్రూపు కలిసింది నాదే. సూది పెట్టించుకుని మంచం మీద పడుకున్న నన్ను చూసి అత్త కళ్లు తుడుచుకుంది. "తాగేదానికి వచ్చినావనుకున్నాము గదమ్మా, నువ్వే ఇచ్చి పోతాండావు," అంది. తర్వాత బిడ్డ క్షేమంగా పుట్టింది.

ఇప్పటికీ వేళ్లు గుచ్చుతూనే ఉన్నాను. సాయంత్రానికి మెడ నిలబడదు. మొన్న రక్తం ఇద్దామని పోతే, నాకే తక్కువుందని పంపేశారు. ఒక వీధిని వణికించిన దయ్యం ఇప్పుడు ఐరన్ మాత్ర వేసుకుని తొమ్మిదింటికే పడుకుంటోంది.